మూడింతల లెక్క

రెండువేల ఇరవై మూడు, ఫిబ్రవరి ఆరు, సోమవారం. ఆ పొద్దున రామచంద్రరావు తిన్నది దిబ్బరొట్టె, అందులోకి చెరకు పానకం. రొట్టె అడుగు కాస్త మాడింది. కూతురు వాసవీకుమారి మాడిన ముక్కను తన కంచంలో వేసుకుని, మెత్తటి ముక్క తండ్రికి పెట్టింది. భార్య భారతీదేవి పోయిన ఈ ఆరేళ్లలో తనే వండుకుని, మాడింది తనే తినడం అలవాటైన మనిషికి అది చిన్న విషయంగా తోచలేదు. ఆ రోజు సవ్యంగా జరిగింది అదొక్కటే కాబట్టి, తేదీతో సహా గుర్తుండిపోయింది.

ఆ పొద్దున పెట్టుకున్న పని కూడా ఒక్కటే. పదింటికి సోమేశ్వరరావు ఇంటికి వెళ్లి రావాలి. ఒడిశాలోని బరంపురం పెద్ద బజారులో రామచంద్రరావు అప్పడాల దుకాణం నడుస్తున్న గది ఆయనది. ముప్పై ఒక్క ఏళ్లుగా అద్దెకు ఉంటున్నారు. ఒప్పందం ఆ నెలాఖరుతో తీరిపోతుంది. ఇప్పుడు ఇస్తున్నది నాలుగున్నర వేలు. ఇకమీదట తొమ్మిది వేలు కావాలని కబురొచ్చింది. తొమ్మిది ఇస్తే దుకాణంలో మిగిలేది అప్పడాల పొడి. ఇవ్వకపోతే దుకాణమే ఉండదు, వెనక గదిలో అప్పడాలు ఒత్తే నలుగురు ఆడవాళ్లకు కూలీ ఉండదు. అద్దె రెట్టింపు కావడానికి సోమేశ్వరరావు చెప్పి పంపిన కారణం మాత్రం నాలుగు మాటలే: "మీ అమ్మాయి సాఫ్ట్‌వేరు కదా."

వాసవి బెంగుళూరు కంపెనీకి ఇంట్లో మేడగదిలో కూర్చునే పని చేస్తుంది. జీతంలో సగానికి పైగా తల్లి వైద్యానికి చేసిన అప్పుకే పోతుంది. ఆ సంగతి కాగితంతో సహా చూపిస్తే సోమేశ్వరరావు మనసు కరుగుతుందని రామచంద్రరావు ఆశ. అందుకే రాత్రే కూతురి చేత జీతం కాగితం ముద్రింపించి పెట్టుకున్నాడు. పొద్దున రొట్టె తింటూ దాన్ని మళ్లీ తీసి చూశాడు.

"అందరూ ఏడు లక్షల ఇరవై వేలంటారు గదమ్మా. మరి నెలకి నలభై నాలుగు వేల ఆరువందలే వస్తంది, ఏటిది?"

"అది ప్యాకేజీ నాన్నా. కంపెనీ కట్టే బీమా, నేను అయిదేళ్లుంటే ఇచ్చే గ్రాట్యుటీ, వాళ్లకి బుద్ధి పుడితే ఏడాదికోసారి ఇచ్చే బోనసు, అన్నీ కలిపి చెప్తారు."

"ఇవ్వనిది కూడా జీతంలో కలుపుతారా?"

"కలుపుతారు."

రామచంద్రరావు ఖల్లికోట కాలేజీలో బీకాం చదివినవాడు. కాగితం మరోసారి చదివి, "మా బజారులో ఉన్నదానికంటే తక్కువ సెప్తారు. మీ కంపెనీలో ఇచ్చేదానికంటే ఎక్కువ సెప్తారు. మజ్జిన నిజం ఎక్కడుందో మరి," అన్నాడు.

"నిజం ఈ కాగితంలో ఉంది. జాగ్రత్తగా పట్టుకెళ్లు," అని వాసవి నవ్వింది. "నాకు పదకొండింటికి మీటింగుంది. అందరినీ పిలిచారు. ఈ ఏడాది బ్రహ్మాండంగా ఉందని మా ఓనరు జనవరిలోనే అన్నాడు. జీతాలు పెంచుతారేమో."

బజారు సంగతి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. బరంపురం వర్తకుల్లో ఏ కాలంలో మొదలైందో తెలియని ఒక ఆచారం ఉంది. వ్యాపారి తన రాబడి ఎప్పుడూ ఉన్నంత చెప్పడు. విన్నవాడు ఎప్పుడూ విన్నంత నమ్మడు. చెప్పినదాన్ని మూడింతలు చేసుకుని, అది నిజమని మనసులో రాసుకుంటాడు. చెప్పేవాడికీ ఈ సంగతి తెలుసు కాబట్టి మూడో వంతే చెబుతాడు. ఇందులో ఎవరికీ మోసం లేదు. ఎదురు దుకాణంలో తాళ్లూ చేదలూ అమ్మే పైడయ్య రోజూ తలుపులు తీసే వేళా, వేసే వేళా, "ఏటి బాబూ, బేరం ఎలగుంది?" అని అడుగుతాడు. "ఏటుంది పైడయ్యా, ఈగలు తోలుకుంటన్నాం," అని రామచంద్రరావు అంటాడు. అయితే బాగానే ఉన్నాడని పైడయ్య స్థిమితపడతాడు.

బాగుందని పైకి అన్న వర్తకుడు బజారు చరిత్రలో ఒక్కడే. బట్టల తవిటయ్య, చికిటి నుంచి వచ్చినవాడు. ఒక శ్రావణమాసంలో నడివీధిలో నిలబడి, "దేవుడి దయ వల్ల బ్రహ్మాండంగా ఉంది," అని అందరికీ మిఠాయి పంచాడు. తొమ్మిదో రోజున ఐపీ పెట్టి దివాలా తీశాడు. దుకాణానికి కోర్టు తాళం పడింది. అది జరిగి ఇరవై ఏళ్లయినా ఆ మిఠాయి రుచి ఎవరూ మరిచిపోలేదు. తిన్నవాళ్లలో సగం మంది అతనికి సరుకు అరువిచ్చినవాళ్లే.

పది కొట్టేసరికి దుకాణం చిట్టమ్మకు అప్పగించి రామచంద్రరావు బయలుదేరాడు. అప్పడాలు ఒత్తేవాళ్లలో పెద్దది చిట్టమ్మ. భారతీదేవి చేత మొదటి అప్పడం ఒత్తించింది తనేనని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

సోమేశ్వరరావు రిటైరైన ప్లీడరు. వరండాలో పడక కుర్చీలో ఒడియా పేపరు చదువుతున్నాడు.

"రా రామచంద్రం. ఏటి, సంతకానికొచ్చేవా?"

"తొమ్మిది నేనివ్వలేనండి అన్నయ్యగారూ. అయిదు సేసుకోండి. అమ్మాయి జీతం మీరనుకున్నంత లేదు. ఇదిగో, సూడండి."

సోమేశ్వరరావు కాగితాన్ని దొంగనోటు చూసినట్టు వెలుతురుకు ఎత్తి చూశాడు. తిప్పి వెనక చూశాడు. వెనక ఏమీ లేదు. అదే ఆయనకు అనుమానం పుట్టించింది.

"ఈ కాగితం నేనడిగేనా?"

"లేదండి."

"మరెందుకు తెచ్చేవు?"

"మీకు నిజం తెలియాలని."

"నలభై ఏళ్లు కోర్టులో ఉన్నాను నాయనా. అడక్కుండా కాగితం తెచ్చినవాడు నిజం తెచ్చిన రోజు లేదు. సూపించే పుస్తకం ఒకటి, దాసుకునే పుస్తకం ఒకటి. ఇది సూపించేది. నలభై నాలుగు వేల ఆరువందలు! పైన ఆ ఆరువందలు ఎంత ముచ్చటగా పెట్టేవయ్యా!"

"కంపెనీ వాళ్లిచ్చిందండి."

"పిల్ల కంప్యూటరు మనిషి. ఇలాంటి కాగితం తియ్యడం దానికెంతసేపు?" సోమేశ్వరరావు పెదవులు మెల్లగా కదిలాయి. మూడు నాలుగులు పన్నెండు, అనుకుంటున్నట్టు స్పష్టంగా కనబడింది. "పొరపాటు నాదే. తొమ్మిదని తగ్గించి అడిగేను. పన్నెండు ఇచ్చీ."

లోపలి నుంచి ఇల్లాలు మజ్జిగ పంపింది. అల్లం, కరివేపాకు వేసిన చల్లటి మజ్జిగ. ఆ ఇంట్లో ఆ పూట రామచంద్రరావుకు దక్కింది అదే. తాగి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

ఆయన నడిచి బజారు మొగలోకి వచ్చేలోపలే సోమేశ్వరరావు ఫోను అక్కడికి వచ్చేసింది. మినప్పప్పు హోల్‌సేలు వ్యాపారి నీలకంఠం కొట్లోంచి దిగి ఎదురొచ్చాడు. ఏళ్ల తరబడి రామచంద్రరావుకు పప్పు అరువిచ్చేది ఇతనే. వేసవిలో జరిగే ఠాకురాణి జాతరకు చందాలు పోగుచేసేదీ ఇతనే.

"బావా, ఆగు! అమ్మాయికి లక్షా ముప్పై అటగా? సోమేశ్వరరావు గారు సెప్పేరు."

"నలభై నాలుగు వేల ఆరువందలు బావా."

"హఉ, హఉ," అని నీలకంఠం ఒడియాలో తల ఊపాడు. "నాకూ అంతే." నీలకంఠానికి నాలుగు గోదాములున్నాయి.

"అందులో సగం అప్పుకే పోతంది."

"అప్పు కూడా ఉందా! అయితే గట్టి పార్టీయే. బేంకోడు లేనోడికి ఇస్తాడేటి? జాతర చందాలో నీ పేరు మొదట రాస్తన్నాను. యాభై ఒక్క వేలు."

"పోయినసారి అయిదువందల ఒకటి కదా ఇచ్చేను!"

"పోయినసారి నువ్వు కాగితం పట్టుకు తిరగలేదు."

లక్షా ముప్పై అన్నది సోమేశ్వరరావు నోటి మాట. సోమేశ్వరరావు కూడా బజారు మనిషే. కాబట్టి ఆచారం ప్రకారం ఆయన మాటకూ మూడింతలు పడింది. రామచంద్రరావు దుకాణం మెట్లెక్కేసరికి పైడయ్య ఎదుటి నుంచి కేకేశాడు. "బాబూ, నెలకి నాలుగు లక్షలంట గదా! మాకు సెప్పలేదేటి?"

మధ్యాహ్నం పన్నెండుకు వాసవి దుకాణానికి వచ్చింది. పనిరోజున ఆ వేళకు ఆమె ఎన్నడూ మేడ దిగదు. పప్పు బస్తా మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మీటింగు అయిపోయిందా అమ్మా?"

"ఏడు నిమిషాల్లో అయిపోయింది. మూడువందల మందిని తీసేశారు నాన్నా. స్క్రీను మీద ఒకావిడ వచ్చి కాగితం చూసి చదివింది. మీ ప్రయాణంలో ఇదొక కొత్త మలుపు అంది. నా పని ఎవరికి అప్పజెప్పాలి అని రాస్తుంటే, మాట సగంలో ఉండగానే కంప్యూటరు ఆగిపోయింది. తాళం వేసేశారు."

చిట్టమ్మ అప్పడాల కర్ర పట్టుకునే బయటికొచ్చింది. "తాళమేటి పాపా? కంప్యూటరు మనింట్లోనే ఉంది గదా?"

"కంప్యూటరు మనింట్లోనే ఉంది చిట్టమ్మత్తా. తాళం బెంగుళూరులో ఉంది."

రామచంద్రరావు గల్లాపెట్టె మూసి బస్తా పక్కకు వచ్చాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "బ్రహ్మాండంగా ఉందని అన్నాడన్నావే, మీ ఓనరు?"

"అన్నాడు. అందరికీ కేకులు కూడా పంపించాడు."

"ఆ రోజే భయపడవలసింది తల్లీ. పొద్దున విన్నాను, నాకైనా తట్టలేదు. తవిటయ్య మిఠాయి తిన్నవాణ్ణే నేను."

రెండు నెలల జీతం ఇస్తారట. చెప్పే జీతమా, ఇచ్చే జీతమా అని ఆయన అడగలేదు. ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టాడు. వాసవి వద్దనకుండా తింది. పెరుగు కూడా వేసుకుంది. దుఃఖంలో ఉన్న పిల్ల పెరుగన్నం దాకా వచ్చిందంటే అదే పదివేలు అనుకున్నాడు.

చెయ్యి కడుక్కుంటుండగా ఆయనకొక ఆలోచన వచ్చింది. ఉన్నది చెబితే మూడింతలు చేస్తున్నారు. సరే. లేదని చెబితే ఏం చేస్తారు? సున్నాను మూడుతో హెచ్చవేసినా సున్నాయే కదా. దుకాణం నిలబెట్టుకోవడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. బీకాం చదివినవాడి ఆశ అది.

నీలకంఠం కొట్లో సోమేశ్వరరావు కూడా టీ తాగుతూ కనబడ్డాడు. చుట్టూ కాటా దగ్గర నలుగురు వ్యాపారులున్నారు. ఇద్దరికీ ఒకేసారి చెప్పవచ్చని రామచంద్రరావు సంతోషించాడు.

"మా వాసవి ఉద్యోగం పోయింది. ఇప్పుడే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముఖాలు మెల్లగా విప్పారాయి.

"పోయిందా బావా, వదిలేసిందా?"

"పోయింది. తీసేసేరు."

"నెలకి నాలుగు లక్షల పిల్లని ఎవడైనా తీసేస్తాడేటి?" నీలకంఠం తొడ చరిచాడు. "సొంత కంపెనీ పెడతంది, అవునా? మాకు సెప్పకూడదా?"

సోమేశ్వరరావు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఓహో. అప్పడాలు తీసేసి నా గదిలో కంప్యూటర్లు పెడతారన్నమాట. అందుకే పొద్దున్నే కాగితం పట్టుకుని అద్దె తగ్గించమని వచ్చేవు. ఎంత దూరం ఆలోచించేవు రామచంద్రం! మర్యాదగా పద్దెనిమిది వేలిచ్చీ."

"లక్షా ఒకటి రాస్తన్నాను," అని నీలకంఠం రసీదు పుస్తకం తెరిచాడు. "మా సెల్లి కొడుకు రంభ టౌన్లో ఊరికే ఉన్నాడు. మీ కంపెనీలో ఏదో ఒక కుర్చీ వెయ్యి బావా. తెలివైనోడు, ఫోనులో అన్నీ సేస్తాడు."

రామచంద్రరావు కోపగించుకున్న సందర్భాలు ఆయనకే గుర్తులేవు. ఇప్పుడు ఆయన కళ్ల ముందు పప్పు బస్తా మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్ల కనబడింది. ఎదురుగా ఆ పిల్ల పేరు మీద అద్దె, చందా, కుర్చీ పంచుకుంటున్న మనుషులు కనబడ్డారు. ముప్పై ఒక్క ఏళ్ల ఈగలన్నీ ఒక్కసారిగా లోపల లేచాయి.

"నాలుగు లక్షలు కాదు బావా, ఆరు!" అన్నాడు. గొంతు కాటా దాకా వినబడింది. "ఆరు లక్షలు! గోపాలపురంలో సముద్రం ఎదురుగా మేడ కొంటన్నాం. రాయి, రెండు లక్షలు రాయి! దేవుడి దయ వల్ల బ్రహ్మాండంగా ఉంది. బ్రహ్మాండం!" జేబులోంచి అయిదువందల నోటు తీసి బల్ల మీద కొట్టాడు. "అందరికీ మిఠాయి తెప్పించు!"

కాటా వేసేవాడి చేతిలో పప్పు చేట అలాగే ఆగింది. నీలకంఠం కలానికి మూత పెట్టాడు. తర్వాత రసీదు పుస్తకంలో ఆ పేజీని, చిరిగే చప్పుడు వినబడకుండా, జాగ్రత్తగా చింపాడు. అయిదువందల నోటును రెండు వేళ్లతో రామచంద్రరావు వైపు జరిపాడు.

"మిఠాయి వద్దులే బావా," అన్నాడు మెత్తగా. "ఇంటికెళ్లి పడుకో."

మూడింటికి నీలకంఠం బండి వచ్చింది. శనివారం అరువిచ్చిన రెండు బస్తాల పప్పూ పొరపాటున వచ్చిందట, తీసుకెళ్లింది. వాసవి కూర్చున్న బస్తా కూడా పోయింది. నాలుగింటికి మిరియాల వ్యాపారి పాత బాకీ ఉందేమో చూసుకోమని కబురంపాడు. లేదని చెబితే, మళ్లీ చూసుకోమన్నాడు. పైడయ్య రోడ్డు దాటి వచ్చి, నాలుగేళ్ల కిందట ఇచ్చిన నిచ్చెన, అవసరం పడిందని పట్టుకెళ్లాడు. పైకెక్కడానికి అతని దుకాణంలో ఏమీ లేదు.

ఆరింటికి సోమేశ్వరరావు స్వయంగా ఆటో దిగాడు. ఆయన గొంతు అంత దయగా ఉండటం రామచంద్రరావు ఎన్నడూ వినలేదు.

"నిజం సెప్పు రామచంద్రం. అమ్మాయి ఉద్యోగం పోయింది కదూ?"

"మజ్జాన్నం మీ ముందే సెప్పేను కదండీ."

"మజ్జాన్నం నువ్వు నిజం సెప్తన్నావని నాకెలా తెలుస్తాది?"

"మరిప్పుడెలా తెలిసిందండి?"

"నువ్వు అబద్ధమాడేక తెలిసింది."

రామచంద్రరావుకు నవ్వు రాబోయి ఆగింది. "పోనీలెండి. ఇప్పుడైనా నమ్మేరు. అద్దె అయిదు సేసుకోండి."

"అద్దె వద్దు. గది కాళీ సేసి ఇచ్చీ. నెలాఖరుకి."

"నేను బజారులో ఎవరికీ బాకీ లేనండి! ఐపీ పెట్టను. ఆ మాట కోపంలో అన్నాను."

"తవిటయ్య కూడా నా ఇంకో గదిలోనే ఉండేవోడు. కోర్టు తాళం ఆరేళ్లుంది. తుప్పు పట్టింది గానీ రాలేదు. ఆరేళ్ల అద్దె పోయింది నాకు." సోమేశ్వరరావు జేబులోంచి కవరు తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. "తొంభై రెండులో నువ్విచ్చిన అడ్వాన్సు, పదివేలు. లెక్క సూసుకో. నాకు నీ మీద కోపం లేదు. నువ్వు మంచోడివి. అందుకే అడక్కుండా తెచ్చేను." ఆటో అప్పటిదాకా ఆపకుండా నడుస్తూనే ఉంది. ఎక్కి వెళ్లిపోయాడు.

అడక్కుండా తెచ్చిన కవరును రామచంద్రరావు విప్పి లెక్కపెట్టాడు. దాన్ని మూడింతలు చెయ్యడానికి ఎటునుంచీ వీలు కనబడలేదు.

చీకటి పడుతుండగా చిట్టమ్మ చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది. ఆయన ఆ రోజు కూలీ మూడువందలు లెక్కపెట్టి ఇచ్చాడు. వాసవి విరిగిన అప్పడాల ముక్కలు పోగుచేసింది. వాటిని కట్టడానికి కాగితం కనబడకపోతే తండ్రి జేబులోంచి జీతం కాగితం తీసి పొట్లం కట్టి చిట్టమ్మకిచ్చింది. మంచి మందపు కాగితం. ఆ రోజంతటిలో అది చేసిన ఉపకారం అదొక్కటే.

చిట్టమ్మ నోట్లు కొంగున ముడేసుకుంది. "బజారు మొత్తం మీద ఈ రోజు నోటితో సెప్పినంతా సేతికొచ్చింది నాకొక్కదానికే బాబూ," అంది. రెండు మెట్లు దిగి మళ్లీ ఆగింది. "అప్పడం ఒత్తడానికి బజారే కావాలేటి? మీ మేడగది ఇప్పుడు కాళీయే గదా?"

"పప్పు ఉండాలి కదా చిట్టమ్మా."

"అదీ నిజమే," అని చిట్టమ్మ వెళ్లిపోయింది.

వాసవి దీపం ఆర్పింది. రామచంద్రరావు తలుపు చెక్కలు ఒక్కొక్కటీ గాడిలో దించుతున్నాడు. రోడ్డుకు అవతల పైడయ్య కూడా తన దుకాణం కడుతున్నాడు. ఇరవై ఏళ్ల అలవాటు కాబోలు, మరిచిపోయి కేకేశాడు. "ఏటి బాబూ, బేరం ఎలగుంది?"

"ఏటుంది పైడయ్యా, ఈగలు తోలుకుంటన్నాం."

పైడయ్య చేతిలో తాళం ఆగింది. పెదవులు కదిలాయి. ముఖం కొంచెం కొంచెంగా వెలిగింది. పట్టుకొచ్చిన నిచ్చెన వైపు ఒకసారి సిగ్గుగా చూశాడు. అతను లెక్క పూర్తిచేసుకునే లోపల, రామచంద్రరావు ఆఖరి చెక్క దించి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.